ఇంటర్ పిల్లల టెన్షన్‌కి డాబా మీద పావుగంట

విజయవాడలో ఇంటర్ చదివే పిల్లలకి పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చోవడమే పని, ఒళ్ళు కదలదు, దాంతో మనసూ బిగుసుకుపోతుంది. సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీదకో, దగ్గరైతే కృష్ణ ఒడ్డుకో తీసుకెళ్ళండి, ఫోన్లు ఇంట్లోనే వదిలేసి.

ముందు ఊరికే నడవండి. తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారిగా వదిలేయమనండి, ఐదారు సార్లు. పుస్తకం మీద వంగి వంగి మెడ పట్టేసిన పిల్లలకి ఇదొక్కటే ఎంత హాయో! ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదలాలి. గుండెదడ తగ్గేది ఆ వదలడంలోనే.

ఇక నవ్వు. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా మొదలుపెట్టిన నవ్వుల యోగాలో జోకులు అక్కర్లేదు, చప్పట్లు కొడుతూ "హొ హొ, హ హ హ" అనడం, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం, అంతే. మొదట దొంగనవ్వే వస్తుంది, రానివ్వండి, కాసేపటికి ఎవరో ఒకరు నిజంగానే పగలబడి నవ్వేస్తారు. సిగ్గుపడే పిల్లల్ని బలవంతపెట్టొద్దు, ముందు మీరు నవ్వండి, నాన్నమ్మనీ పిలవండి. హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం గట్టిగా నవ్వకూడదు.

ఆ పావుగంటలో మార్కుల మాట ఎత్తొద్దు, దయచేసి.

ఇది వైద్యానికి బదులు కాదు. నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, "బతకాలని లేదు" లాంటి మాట వినపడినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్, నంబర్ 14416, ఉచితం, ఏ వేళకైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.