చక్రాల కుర్చీతో ఒంటిమిట్టకు నడక

కడప నుంచి ఒంటిమిట్ట కోదండరాముని గుడికి సుమారు 25 కిలోమీటర్లు. మా అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని గుంపుగా పోతాం, కాబట్టి రెండు రాత్రులు దారిలోనే పడక. తొందరపెడితే ఆమె నడుం నిలవదు. చైత్ర పున్నమి కల్యాణానికైతే ఎండ మండుతుంటుంది; తెల్లారుజామున నాలుక్కే కదలండి, తొమ్మిదికల్లా చెట్టునీడ చూసుకోండి.

గులకరాళ్లలో కుర్చీని ముందుకు నెట్టొద్దు. ముందరి చిన్న చక్రాలు ఇరుక్కుని మనిషి తూలి పడుతుంది. కాస్త వెనక్కి వంచి, పెద్ద చక్రాల మీద వెనక్కి లాగండి. పల్లంలో ఇద్దరు వెనకనుంచి తాడుతో ఆపాలి.

అరగంటకోసారి కూర్చున్నవాళ్లను కాస్త పైకి లేపి బరువు మార్చండి. ఒకేచోట ఒత్తుకుని పుండు పడితే మానడానికి నెలలు పట్టొచ్చు. ఈ పని మాత్రం ఒకరికి అప్పగించాల్సిందే.

దారిలో వచ్చే భాకరాపేట ఊళ్లో అడిగి చదునైన చోట గుడారం వేయండి. వాకిలి కుర్చీ పట్టేంత వెడల్పుండాలి. గాలిపంపు, పంక్చరు సామాను చేతికందేలా పెట్టుకోండి.