విండోస్ 11కి మారే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా మారనివాళ్లకు:

– ఫొటోలు, ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని పీకి పక్కన పెట్టండి. డి డ్రైవ్‌లో వేస్తే చాలదు. చాలా ఇళ్లలో సి, డి ఒకే డిస్క్‌కి రెండు ముక్కలు. నాలుగు ఫొటోలు తెరిచి చూడండి కూడా. మా పెళ్లి ఫోల్డర్ కాపీ అయిందనుకున్నా, తీరా చూస్తే షార్ట్‌కట్!

– బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అడిగినప్పుడు అది లేకపోతే డిస్క్ తెరుచుకోదు.

– టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదని వస్తే వెంటనే కొత్త కంప్యూటర్ కొనేయకండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) అది ఆఫ్‌లో ఉండొచ్చు.

– అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు పాత సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. తిరిగి విండోస్ 10కి వెళ్లడానికి మామూలుగా ఉండేది 10 రోజులే.