టెక్సస్‌లో పాత డీడబ్ల్యూఐ కేసు రికార్డు దొరికిన తీరు

వీసా స్టాంపింగ్ కోసం మా తమ్ముడి 2016 నాటి తాగి కారు నడిపిన కేసు తీర్పు నకలు కావలసి వచ్చి, టెక్సస్‌లోని కాలిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆన్‌లైన్ రికార్డుల్లో వెతికితే ఏమీ కనిపించలేదు. ‘డీయూఐ’ (డ్రైవింగ్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్) అని వెతికాను, మున్సిపల్ కోర్టును అడిగాను, డబ్బు తీసుకునే ప్రైవేటు సైట్లూ చూశాను, ఫలితం లేదు.

టెక్సస్‌లో ఈ నేరం పేరు డీడబ్ల్యూఐ (డ్రైవింగ్ వైల్ ఇంటాక్సికేటెడ్). డీయూఐ అనేది 21 ఏళ్లు నిండనివారి మీద పెట్టే వేరే కేసు. మామూలుగా మొదటిసారి పట్టుబడితే అది క్లాస్ బీ మిస్‌డిమీనర్ (చిన్న తరహా నేరం) కనుక దస్త్రం కౌంటీ కోర్టు రికార్డులు చూసే కౌంటీ క్లర్కు దగ్గర ఉంటుంది. మూడోసారైతే ఫెలొనీ (పెద్ద నేరం) కనుక డిస్ట్రిక్ట్ కోర్టు రికార్డులు చూసే డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గరికి వెళ్లాలి.

ఇది తెలిశాక, ముందు కౌంటీ కోర్టుల క్రిమినల్ విభాగాన్ని ఎంచుకొని, ఇంటిపేరు, పేరు విడివిడిగా రాసినా కేసు రాలేదు. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండడం వల్ల వీసాలో అసలు పేరుకు బదులు ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పేరు గడిలో ఆ మూడక్షరాలు, ఇంటిపేరు గడిలో పూర్తి పేరు, కింద పుట్టిన తేదీ ఇవ్వగానే కేసు నంబరు వచ్చింది. ఆ నంబరు చూపించి, రుసుము కట్టి, క్లర్కు కార్యాలయంలో ముద్ర వేసిన నకలు తీసుకున్నాం.

మన పేర్లున్న చాలామందికి ఇది పనికిరావచ్చు కానీ, మిగతా రాష్ట్రాల్లో నేరం పేరూ కోర్టూ వేరుగా ఉండవచ్చు. కోర్టు ఉత్తర్వుతో తొలగించిన కేసులు మాత్రం ఇలా వెతికినా కనబడవు.