హైదరాబాద్‌లో దొరికే సామగ్రితో చిన్న వాయునౌకను కట్టడం ఎలా

గాలి కన్నా తేలికైన వాయువు నింపిన సంచితో తేలుతూ, మోటార్లతో కదులుతూ, హాలులో మనిషి నడిచే వేగంతో ఎగిరే చిన్న వాయునౌకను హైస్కూలు, ఇంటర్ విద్యార్థులు ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో కట్టగలరు. సైన్స్ ప్రదర్శనకు ఈ పని తలపెట్టేవారి కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను. వాయునౌక అంటే ముందు బరువుల లెక్క. మోటార్లు, రిమోట్లు ఆ తర్వాతే. 1852లో ఆవిరి యంత్రాన్ని మోసుకుని పారిస్ నుంచి గాలిలోకి లేచిన ఆన్రి జిఫార్ మొదలుకొని నేటి ఇంజనీర్ల దాకా అందరినీ కష్టపెట్టింది ఈ లెక్కే. కాబట్టి కత్తెర పట్టుకునే ముందు కాగితం, పెన్సిల్ పట్టుకోవాలి.

సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో, ఒక ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. మనం సంచిలో నింపే హీలియం అంతే పరిమాణంలో సుమారు 0.17 కిలోలు తూగుతుంది. ఈ రెండింటి తేడాయే పైకి లేపే బలం, అంటే ఘనమీటరుకు ఒక కిలో పైచిలుకు. పుస్తకాల్లో కనిపించే ఈ అంకెను హైదరాబాద్‌లో యథాతథంగా వాడకూడదు. మన నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడి గాలి పలుచన. 30 డిగ్రీల రోజున ఈ తేడా 940 గ్రాములకు, మే నెల 40 డిగ్రీల ఎండలో దాదాపు 910 గ్రాములకు తగ్గుతుంది. బెలూన్లకు అమ్మే హీలియం పూర్తిగా శుద్ధమైనది కాకపోవచ్చు కాబట్టి, ఘనమీటరుకు 900 గ్రాములే లెక్కలోకి తీసుకోవడం క్షేమం.

ఇప్పుడు పరిమాణం. పొడవు 1.8 మీటర్లు, నడుమ వ్యాసం 0.6 మీటరు ఉండే కోలాకారపు సంచి ఘనపరిమాణం సుమారు 0.34 ఘనమీటర్లు, అది 300 గ్రాములు మోయగలదు. దాని ఉపరితలం 2.8 చదరపు మీటర్లు. 20 మైక్రాన్ల పాలియెస్టర్ ఫిల్మ్ చదరపు మీటరుకు 28 గ్రాములు తూగుతుంది కనుక, అతుకులతో కలిపి సంచికే 85 గ్రాములు పోతాయి. మిగిలిన 215 గ్రాములలో మోటార్లు, బ్యాటరీ, తోక రెక్కలు అన్నీ ఇమడాలి. చోటు తక్కువని అన్ని కొలతలనూ సగానికి తగ్గిస్తే ఏమవుతుందో చూడండి: మోసే బలం ఎనిమిదో వంతుకు, అంటే 38 గ్రాములకు పడిపోతుంది, సంచి బరువు మాత్రం నాలుగో వంతుకే తగ్గి ఇరవై గ్రాముల పైనే ఉంటుంది. మిగిలే కొద్ది గ్రాములలో మోటార్లు, బ్యాటరీ, రిసీవర్ పట్టడం కష్టం. వాయునౌకలు అంతంత పెద్దవిగా ఎందుకు ఉండేవో ఈ లెక్కలోనే ఉంది. 1900 జూలైలో కాన్‌స్టన్స్ సరస్సు మీద ఎగిరిన మొదటి జెప్పెలిన్ అనే జర్మన్ వాయునౌక పొడవే 128 మీటర్లు, తర్వాతి జర్మన్ వాయునౌక హిండెన్‌బర్గ్‌ది 245 మీటర్లు. ఆడంబరం కోసం కాదు, లెక్క కుదరాలంటే అంత ఉండాల్సిందే.

సంచికి మెరిసే ఫిల్మ్ ఏదైనా సరిపోతుందనుకోకూడదు. ఒక వైపు వేడికి అతుక్కునే పాలిథిన్ పొర ఉన్న ఫిల్మే కావాలి. ఉత్త పాలియెస్టర్ ఇస్త్రీపెట్టెకు అతుక్కోదు. ప్యాకింగ్ సామగ్రి, పార్టీ సామగ్రి దొరికే బేగంబజార్‌లో అడిగేటప్పుడు చిన్న ముక్క తీసుకుని, రెండు వైపులా అతికించి చూసి, ఆ తర్వాతే చుట్ట కొనండి. ముందుగా నిలువుటద్దమంత పెద్ద కాగితాలను కలిపి, వాటి మీద సంచి పక్క ఆకారాన్ని అసలు కొలతలో గీయండి. ఆ వంపు వెంబడి ఒక దారాన్ని పరిచి కొలిస్తే మొన నుంచి తోక వరకు 2 మీటర్లు వస్తుంది. సంచిని కూర్చే పొడవాటి ఫిల్మ్ ముక్కలను ఫాలికలు అందాం, ప్రతి ఫాలికా పొడవు అదే. ఆరు ఫాలికలతో సంచి కుట్టినట్టు కలపాలి కనుక, నడుమ ఒక్కొక్క దాని వెడల్పు 31.4 సెంటీమీటర్లు. నడుమ నుంచి 45 సెంటీమీటర్లు జరిగితే 27.2, 75 సెంటీమీటర్లు జరిగితే 17.4, ఇలా ప్రతి చోటా ఆ చోటి చుట్టుకొలతలో ఆరో వంతు తీసుకుని, అతుకు కోసం రెండు అంచులకూ ఒక్కో సెంటీమీటరు కలపాలి. ఒక ఫాలికను అట్ట మీద కోసి పెట్టుకుంటే మిగిలినవన్నీ ఒకే తీరుగా వస్తాయి.

అతికించడంలో తొందర పనికిరాదు. రెండు ఫాలికల అతుక్కునే పొరలను ఎదురెదురుగా పెట్టి, అంచులు సరిచూసి, పైన బటర్ పేపర్ పరిచి, తక్కువ వేడిలో ఉన్న ఇస్త్రీపెట్టె అంచుతో నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. వేడి చాలకపోతే అతుకు గోటితో లాగగానే ఊడుతుంది. ఎక్కువైతే ఫిల్మ్ ముడుచుకుని, ఆ ముడతల్లో కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. సరైన అతుకును లాగితే పక్కనున్న ఫిల్మ్ సాగుతుంది గాని అతుకు విడిపోదు. అది చేతికి తెలిసే దాకా తుంపు ముక్కల మీద సాధన చేయాలి. గాలి ఎక్కువగా కారేది ఆరు కొనలూ కలిసే మొన దగ్గర, తోక దగ్గర. అక్కడ అరచేయంత గుండ్రని ముక్కను పైనుంచి అతికించండి. తోక వైపు వేలు పట్టేంత సన్నని గొట్టాన్ని అదే ఫిల్మ్‌తో చేసి ఉంచితే నింపడానికి అదే ద్వారం. తర్వాత మామూలు గాలి నింపి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి సంచి వదులైతే అతుకుల వెంట సబ్బునీళ్లు రాయండి, బుడగలు వచ్చిన చోట మళ్లీ నొక్కండి.

ఇక వాయువు సంగతి. హైడ్రోజన్ ఏ పరిస్థితిలోనూ వాడకూడదు. వీధుల్లో కొందరు కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు కలిపి హైడ్రోజన్ తయారుచేసి బెలూన్లు నింపుతుంటారు. చౌకగా వస్తోందని అటువైపు చూడవద్దు. అది హీలియం కన్నా మోసే అదనపు బరువు ఎనిమిది శాతం దరిదాపుల్లోనే, ప్రమాదం మాత్రం ప్రాణాంతకం. హిండెన్‌బర్గ్‌ను హీలియం కోసమే రూపొందించారు. అమెరికా ఎగుమతికి ఒప్పుకోకపోవడంతో హైడ్రోజన్ నింపారు. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో అది మండిపోయినప్పుడు 36 మంది చనిపోయారు. హీలియం కథలో తెలుగు నేలకూ చోటుంది: 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త యాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ఆ గ్రహణంతో ఊపందుకున్న సూర్య వర్ణపట పరిశోధనలోనే, అదే ఏడాది శాస్త్రవేత్త లాకియర్ ఇంగ్లండ్‌లో చూసిన పసుపు గీత కొత్త మూలకానిదని తేలింది, అదే హీలియం. భూమి మీద దాన్ని 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే వేరుచేశాడు. మీకు కావలసింది ఘనమీటరులో మూడో వంతే కాబట్టి సిలిండర్ కొననక్కర్లేదు. ఫంక్షన్ హాళ్లకు బెలూన్ల అలంకరణ చేసేవారిని అడిగితే వారి సిలిండర్ నుంచే నింపుతారు. నింపేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. గొంతు మారుతుందని పిల్లలు హీలియం పీల్చకుండా చూడండి, ఊపిరాడక స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

మోటార్ల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లవచ్చు. పాడైపోయిన బొమ్మ డ్రోన్ మోటార్లు, ప్రొపెల్లర్లు చక్కగా పనికొస్తాయి. దాని సర్క్యూట్ బోర్డు మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది నాలుగు మోటార్లనూ తనంతట తానే సమతూకం చేయబోతుంది. మూడు మోటార్లను విడివిడిగా నడపగల రిసీవర్ బోర్డు తీసుకోండి. సన్నని కార్బన్ కడ్డీ రెండు కొనలకూ ఒక్కో మోటారు బిగిస్తే ముందుకు పోవడానికీ, ఒకదాని వేగం తగ్గించి మలుపు తిరగడానికీ సరిపోతాయి. మూడోదాన్ని నిలువుగా, గాలిని కిందికి తోసేలా అమర్చండి. ఒక్క సెల్ లిథియం బ్యాటరీ, పలుచని ఫోమ్ షీటుతో కోసిన నాలుగు తోక రెక్కలు, వీటిని మోసే తేలికపాటి అట్ట తొట్టి కలిపి వంద గ్రాముల దగ్గర తేలుతుంది. విద్యుత్ మోటారు వాయునౌకలకు కొత్తేమీ కాదు: 1884లో రెనార్, క్రెబ్స్ కట్టిన లా ఫ్రాన్స్ బ్యాటరీలతోనే ఎగిరి, 23 నిమిషాల్లో 8 కిలోమీటర్లు తిరిగి, బయలుదేరిన చోటికే చేరింది. ఎదురుగాలిలో వెనక్కి రాలేకపోయిన జిఫార్ నౌక సాధించలేనిది అదే. ఇప్పుడు కాలిఫోర్నియాలో పరీక్షిస్తున్న, 124 మీటర్లకు పైగా పొడవున్న పాత్‌ఫైండర్ 1ను కూడా విద్యుత్ మోటార్లే తోస్తాయి.

తూకం సరిచేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. తొట్టిని సంచి కింద నడుమన తాత్కాలికంగా టేపుతో అంటించి వదలండి. మొన పైకి లేస్తే తొట్టిని ముందుకు, వాలితే వెనక్కి జరపండి. తర్వాత పేపర్ క్లిప్పులు ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే, నౌక ఒక దశలో పైకీ కిందికీ పోకుండా నిలబడుతుంది. అక్కడ ఇంకో రెండు గ్రాములు కలిపి ఆపండి. మోటారు ఆగితే నెమ్మదిగా నేలకు దిగడమే మనకు కావలసింది. పెద్ద నౌకల్లో ఇంధనం కాలేకొద్దీ బరువు తగ్గి ఈ తూకం చెడేది. అందుకే 1929లో భూమిని చుట్టివచ్చిన గ్రాఫ్ జెప్పెలిన్ దాదాపు గాలి అంత సాంద్రత ఉన్న బ్లావ్ వాయువును ఇంధనంగా వాడింది. బ్యాటరీతో మీకు ఆ బాధ లేదు.

ఎగరవేయడానికి బడి ఆడిటోరియమో, ఖాళీ ఫంక్షన్ హాలో ఎంచుకోండి. సీలింగ్ ఫ్యాన్లు, ఏసీలు ఆపించి, ఫ్యాన్ రెక్కలు పూర్తిగా నిలిచాకే నౌకను వదలండి. ఆరుబయట ఎగరవేయవద్దు. 1930 అక్టోబరులో కరాచీకి బయలుదేరిన బ్రిటిష్ ఆర్101 తుఫాను గాలిలో ఫ్రాన్స్‌లోనే కూలి 48 మంది మరణించారు. రెండు వందల మీటర్లు దాటిన నౌకకే అలాంటి గాలి ప్రాణాంతకమైతే, మూడు వందల గ్రాముల నౌకకు సాయంత్రపు పిల్లగాలి చాలు. పైగా లోహపు పూత ఉన్న ఫిల్మ్ కరెంటు తీగలకు తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

దీని తర్వాత ఏమిటని అడిగే విద్యార్థులు రెండు దిక్కులు చూడవచ్చు. మన ఈసీఐఎల్ ప్రాంతంలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. పరిశోధన పరికరాలను ఆకాశపు పై పొరలకు పంపే పాలిథిన్ బెలూన్లు అక్కడ తయారవుతాయి. ఆగ్రాలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల 2025 మే నెలలో మధ్యప్రదేశ్‌లోని షియోపూర్ నుంచి ఒక వాయునౌకను సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపి పరీక్షించింది. ఆ ఎత్తున గాలి మరీ పలుచన. పైన వేసిన లెక్కనే ఆ గాలి సాంద్రతతో మళ్లీ వేసి, ఒక్క కిలో మోయడానికి ఎన్ని ఘనమీటర్లు కావాలో మీ ప్రదర్శన పట్టికలో చూపించండి.