ఎండాకాలంలో ఫుట్‌పాత్‌ల మీద భోజనం పంచే సంఘాలకు జాగ్రత్తలు

హైదరాబాద్, సికింద్రాబాద్ క్రైస్తవ సంఘాల్లో చాలామంది, ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లకు భోజనం పంచే పని ఆదివారానికే పెట్టుకుంటారు. పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగించి, ఏడింటికల్లా ప్యాకెట్లు కట్టేసి ఆరాధనకు కూర్చుంటారు. అది ముగిశాక పన్నెండున్నరకు వ్యాన్ కదులుతుంది. గాంధీ ఆస్పత్రి గేటు దగ్గరికో, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ముందుకో చేరేసరికి ఒంటిగంట. అప్పటికి అన్నం దింపి ఆరు గంటలు. చలికాలంలో ఎలాగో గట్టెక్కినా ఏప్రిల్, మే నెలల్లో గట్టెక్కదు. లెంట్‌లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, పోగైన కానుకలతో ఈ పని ఊపందుకునేది కూడా సరిగ్గా ఎండలు ముదిరే వేళకే. కాబట్టి ముందు వేళ మార్చండి.

ఆరాధనకు ముందే, ఆరున్నర నుంచి ఏడున్నర లోపు పంచేయాలి. కుదరకపోతే సాయంత్రం నాలుగున్నరకు వంట మొదలుపెట్టి చీకటి పడేలోపు ముగించాలి. పొయ్యి మీంచి దింపిన అన్నం తినేవాళ్ల చేతికి చేరడానికి రెండు గంటలే గడువు. బయట 32 డిగ్రీలు దాటితే అది గంటే. పొగలు కక్కుతూ హాట్‌కేసులో 60 డిగ్రీలపైన ఉన్నంతసేపు ఈ గడువు మొదలవదు. అందుకే ఇంటి దగ్గర ప్యాకెట్లు కట్టడం కంటే హాట్‌కేసులు తీసుకెళ్లి అక్కడే విస్తరాకుల్లో వడ్డించడం మేలు.

ఆలస్యమైతే మళ్లీ వేడి చేద్దామనుకోవద్దు. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండగా పెరిగి విషం తయారు చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ కాచినా పోదు, వాసనకూ తెలియదు. చేతికి పుండో కోతో ఉన్నవాళ్లను కలపడానికి, కట్టడానికి పెట్టకూడదనేదీ ఇందుకే. పుండులోని క్రిముల విషమూ వేడికి లొంగదు.

వంద మందికి పధ్నాలుగు కిలోల బియ్యం సరిపోతాయి. మనిషికి నాలుగు వందల గ్రాముల దాకా అన్నం వస్తుంది. ఎండాకాలానికి పులిహోర మంచిదే, చింతపండు పులుపు కొంత కాపాడుతుంది. అయితే అన్నాన్ని గుట్టగా పోసి కలిపితే నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పళ్లేల్లో రెండు అంగుళాల మందాన పరిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి కలపాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు కలపొద్దు, అల్యూమినియం ఫాయిల్ డబ్బాల్లో పులిహోర పెట్టొద్దు. న్యూస్‌పేపరులో చుట్టడం అసలే వద్దు, సిరా అన్నానికి అంటుతుంది. పెరుగన్నం, కొబ్బరి చట్నీ, కొబ్బరిపాల పలావు ఈ రెండు నెలలు మానేయండి. గుడ్డు ఇస్తే పెంకుతోనే ఇవ్వండి, పెంకు పగిలినవి తీసేయండి. పళ్లు లేని ముసలివాళ్లకు మెత్తటి పప్పన్నం వేరుగా ఒక డబ్బా ఉండాలి. కారం సగానికి తగ్గించండి, తిన్నాక తాగడానికి వాళ్ల దగ్గర నీళ్లుండవు.

ఫంక్షన్ హాల్లో మిగిలిన బిర్యానీ రాత్రి పదకొండింటికి తీసుకెళ్లమని ఫోన్ వస్తే, ఎప్పుడు దింపారని ముందు అడగండి. జవాబు తేలకపోతే వద్దనండి. మొహమాటపడే చోటు కాదిది.

చాలామంది మరిచేది ఇంకొకటుంది. మీరిచ్చిన ప్యాకెట్‌ను వాళ్లు అప్పుడే తింటారని లేదు. రేపు దొరుకుతుందో లేదోనని సగం మూటలో దాచుకుంటారు. తెల్లారి తిన్నది విషమవుతుంది. ‘దాచొద్దు’ అని చెబితే చాలదు, దాచుకునేది వేరే ఇవ్వాలి. రెండు అరటిపళ్లు, పల్లీ చిక్కీ, గుప్పెడు పుట్నాలు చాలు. అవి చేతిలో ఉంటే అన్నం అక్కడే తినేస్తారు. నిద్రపోతున్నవాళ్ల పక్కన ప్యాకెట్ పెట్టి వచ్చేయకండి, కుక్కలూ చీమలూ ముందు చేరతాయి. కాళ్ల వైపు నిలబడి ‘అమ్మా’, ‘పెద్దాయనా’ అని పిలవండి. తట్టి లేపొద్దు. ఫొటోలు వద్దు. ప్రార్థన అడిగితేనే, అదీ భోజనమయ్యాక.

మనిషికి లీటరు నీళ్ల సీసా ఇవ్వండి, పావు లీటరు ప్యాకెట్లు ఏ మూలకూ రావు. మజ్జిగ ఇస్తే ఐసు గిన్నె చుట్టూ పెట్టండి, లోపల వేయొద్దు. ఐసు దిమ్మలు తాగే నీళ్లతో చేసినవని చెప్పలేం. ఓఆర్‌ఎస్ పొడి చేతికిచ్చి రావొద్దు. లీటరు నీళ్లలో కలపాల్సిన పెద్ద ప్యాకెట్‌ను గ్లాసులో కలుపుకుంటే ఉప్పు ఎక్కువై ప్రమాదం. మీరే సీసాలో కలిపి ఇచ్చి, మర్నాటికి ఉంచొద్దని చెప్పండి.

ఆస్పత్రి గేట్ల దగ్గర రోగుల బంధువులూ వరుసలో చేరతారు, వాళ్లనూ లెక్కలో వేసుకోండి. వ్యాన్ వెనక తలుపు తెరిచి పంచితే తోపులాట ఖాయం. బండి యాభై అడుగుల దూరంలో ఆపి, ముందు తలలు లెక్కపెట్టి, కూర్చోబెట్టి వడ్డించండి. నడవలేనివాళ్లకు, ఆడవాళ్లకు ముందు. డివైడర్ల మీద, ఫ్లైఓవర్ ఎక్కే చోట పంచొద్దు. వీబీఎస్ (సంఘం వేసవి సెలవుల్లో నడిపే బైబిలు బడి) పిల్లల్ని మధ్యాహ్నం తీసుకురావొద్దు.

2015 మే వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. పడి ఉన్న మనిషిని చూసి తాగి పడ్డాడని దాటిపోవద్దు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతున్నా, పిలిస్తే పలకకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. తెలివి లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు. దిక్కులేని పెద్దవాళ్లు కనిపిస్తే 14567కి, పిల్లలైతే 1098కి చెప్పండి.

ఒక ప్యాకెట్ మర్నాటి దాకా ఫ్రిజ్‌లో ఉంచి, ఏం వండారో, ఎన్నింటికి దింపారో దాని మీద రాయండి. మర్నాడు ఒకరు అదే చోటికి వెళ్లి ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయ్యాయా అని అడగాలి. అయ్యుంటే వాళ్లను దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లి, ఆ ప్యాకెట్ విషయం డాక్టరుకు చెప్పండి.