జపాన్ ఇంట్లో అతిథిగా - 4వ పాఠం: తొట్టి బిరడా ముట్టుకోవద్దు

ఈసారి భోజనాల బల్ల దగ్గర మర్యాదలు చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. మూడో పాఠం చదివి హోమ్‌స్టేకి వెళ్ళినవాళ్ళు రాసిన ఉత్తరాలు చూశాక, ముందు గుమ్మం దగ్గర జరిగిన తప్పులు సరిచేయాలనిపించింది.

గెన్కాన్‌లో, అంటే గుమ్మం లోపల బూట్లు విప్పే పల్లపు చోట, విడిచిన బూట్ల కొసలు వీధివైపు తిరిగి ఉండాలని చెప్పాను. దాంతో చాలామంది ఇంటివాళ్ళకి వీపు చూపిస్తూ, వెనక్కి నడుస్తూ లోపలికి ఎక్కారట. వరస చెప్పకపోవడం నా పొరపాటు. వాళ్ళవైపే చూస్తూ బూట్లు విప్పి పైకి ఎక్కండి. ఆ తర్వాత కాస్త పక్కకి తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, బూట్లని చేత్తో తిప్పి ఓ పక్కగా పెట్టండి. సాక్స్‌తో కింది నేల తొక్కి అవే కాళ్ళతో పైకి రాకూడదు. సూట్‌కేసు చక్రాలూ బూట్లలాంటివే. తుడిచి, ఎత్తి పట్టుకుని లోపలికి తేవాలి.

టాయిలెట్‌లో మాత్రమే వేసుకోవాల్సిన చెప్పులతోనే హాల్లోకి వచ్చేశామని ముగ్గురు రాశారు. నేను చేసేదేమిటంటే, నా ఇంటి చెప్పులు టాయిలెట్ గుమ్మానికి సరిగ్గా ఎదురుగా విడుస్తాను. తలుపు తీయగానే అవి కాళ్ళకి అడ్డం వస్తాయి, ఇక మరిచిపోను. తతామి చాపల గదిలోకి మాత్రం ఏ చెప్పులూ వద్దు. వంగి దణ్ణం పెట్టడం గురించి వేరే చెప్పను, రెండు రోజులు చూస్తే అదే వస్తుంది.

ఇక స్నానం. నన్ను నిజంగా బాధపెట్టిన ఉత్తరాలు దీని గురించే. తొట్టిలో సబ్బు రుద్దుకున్నవాళ్ళు కొందరు, 'శుభ్రంగా ఉంచుదామని' బిరడా లాగేసి నీళ్ళన్నీ వదిలేసినవాళ్ళు కొందరు. ఆ తొట్టి ఒళ్ళు కడుక్కోవడానికి కాదు. శుభ్రంగా కడుక్కున్న ఒంటితో వేడినీళ్ళలో కాసేపు కూర్చోవడానికి. ఇంట్లో అందరికీ అవే నీళ్ళు. తెల్లారాక వాటినే చిన్న పంపు గొట్టంతో వాషింగ్ మెషీన్‌లోకి తోడుకునే ఇళ్ళు కూడా ఉన్నాయి.

'ఒకరు మునిగిన నీళ్ళలో ఇంకొకరా?' అని మనకి ముందు మనసొప్పదు. కోనేరు గుర్తు చేసుకోండి. కోనేట్లో సబ్బు పెట్టి రుద్దుకోం కదా. ఇదీ అంతే. నిజానికి మొదటి స్నానం అతిథికిస్తారు. అంటే మీ తర్వాత ఆ ఇంటి అమ్మ, నాన్న, పిల్లలు ఆ నీళ్ళలో దిగాలి.

కాబట్టి తొట్టి బయట చిన్న పీట మీద కూర్చోండి. షవర్‌తోనో, చిన్న గిన్నెతో పోసుకునో సబ్బు, షాంపూ అంతా ముగించండి. బకెట్, చెంబు అలవాటున్న మనకి ఇది సులువే. నిలబడి చేస్తే సబ్బునురుగు ఎగిరి తొట్టిలో పడుతుంది. కొబ్బరినూనె రాసుకున్న తల అయితే రెండుసార్లు షాంపూ చేసి, జుట్టు పైకి ముడేసుకున్నాకే దిగాలి. కనజావా ఊళ్ళో నేనున్న ఇంట్లో మొదటి రాత్రి ఆ జాగ్రత్త పడలేదు. తొట్టి మీద మూత వేయబోతుంటే లైటు వెలుగులో నీళ్ళ మీద సన్నటి నూనె తెట్టు, అందులో నా వెంట్రుక ఒకటి కనిపించాయి. ఇంటావిడ ఏమీ అనలేదు. వాళ్ళాయన ఆ రాత్రి షవర్‌తో సరిపెట్టుకున్నారని మర్నాడు తెలిసింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. మెల్లగా దిగండి, ఐదు నిమిషాలు చాలు. వేడి భరించలేకపోతే చన్నీళ్ళు కలిపేయకండి, ఇంటివాళ్ళని అడగండి. బయటికొచ్చాక తొట్టి మీద మూత వేయాలి, వేడి పోకుండా. గోడ మీది మీటలు తోచినట్టు నొక్కొద్దు. 'యొబిదాషి' అనేది నొక్కితే వంటింట్లో గంట మోగి, ఏమైందోనని ఇంటావిడ పరుగెత్తుకొస్తుంది. మొదటి రోజే ఏది ఏమిటో అడిగి తెలుసుకోండి.

నెలసరి రోజుల్లో తొట్టి వద్దు. 'షవా దకె దె దైజోబు దెసు' అంటే షవర్ చాలు అని అర్థం, ఎవరూ కారణం అడగరు. పొద్దున స్నానం చేయందే కాఫీ తాగని వాళ్ళు అక్కడ రాత్రి స్నానానికి అలవాటు పడటమే మేలు. తప్పదనుకుంటే ముందురోజే అడగాలి.

స్నానానికి వెళ్ళేముందు 'ఒఫురో ఇతదకిమాసు' (స్నానం చేస్తానండి), వచ్చాక 'ఒసాకి ని ఇతదకిమాషిత' అనండి. మీకంటే ముందు నేను చేసేశాను అని ఈ రెండోదాని భావం.

అభ్యాసం: వారం రోజులు మీ ఇంట్లో పీట మీద కూర్చుని స్నానం చేయండి. ఎదురుగా మూతలేని బకెట్ నిండా నీళ్ళు పెట్టుకోండి, అవి వాడొద్దు. స్నానమయ్యాక అందులో ఒక్క నురుగుచుక్క కనిపించినా ఆ రోజు లెక్కలోకి రాదు. పీట కడిగి బోర్లించి, జాలీలో వెంట్రుకలు తీసేసి, పై రెండు మాటలూ ఇంట్లోవాళ్ళకి వినపడేలా చెప్పండి. వరసగా ఏడు రోజులు కుదిరాకే అయిదో పాఠం తెరవండి. అందులో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, దానిలో కనపడని చేప.