దీపావళి పాట్‌లక్‌కి ఫ్రీజర్ తెరిచే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో మనవాళ్ళ ఫ్రీజర్లలో ఇండియన్ స్టోర్ ప్యాకెట్లు నెలల తరబడి పడుంటాయి కదా, 2025 జూలైలో దీప్ బ్రాండ్ ఫ్రోజెన్ మొలకెత్తిన పెసలు, మట్కీ (మాత్ బీన్స్) సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల రీకాల్ అయ్యాయి, అంటే అమ్మిన సరుకుని కంపెనీ వెనక్కి పిలిచింది, అలాంటివి ఏ మూలనైనా ఉన్నాయేమో వండకముందే వెతకండి.

ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా వల్ల వచ్చే రీకాల్‌ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. తల్లికి మామూలు జ్వరంలా వచ్చి పోయినా బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు, పైగా తిన్న రెండు నెలలకి కూడా బయటపడొచ్చు, కాబట్టి ఆల్రెడీ తినేసుంటే ఏం తిన్నారో డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పేయండి.

రుచి చూసి, వాసన చూసి తేల్చుకోవద్దు. బ్యాక్టీరియా ఉన్న కొబ్బరి తురుము కూడా కమ్మగానే ఉంటుంది.

ఫ్రీజర్లో ఉంది కదా, బ్యాక్టీరియా చచ్చిపోయుంటుంది అనుకోవద్దు, చలికి పెరగడం ఆగుతుంది అంతే. లిస్టీరియా అయితే మామూలు ఫ్రిజ్ చల్లదనంలో హాయిగా పెరుగుతుంది.

బ్రాండ్ పేరు ఒక్కటే కాదు, ప్యాకెట్ వెనక లాట్ నంబర్ (ఏ బ్యాచ్‌దో చెప్పే నంబర్) అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ సైట్లో ఇచ్చినదాంతో పోల్చండి. డబ్బాలో పోసేసి కవర్ పారేశారా, ఇంక డౌట్ వద్దు, అది కూడా పారేయండి.

పారేసేటప్పుడు కవర్లో గట్టిగా కట్టి పడేయండి, పిల్లలు గానీ కుక్క గానీ కెలక్కుండా.

ఆ ప్యాకెట్ పెట్టిన అరని వేడి సబ్బు నీళ్ళతో కడిగి, తర్వాత గ్యాలన్ నీళ్ళలో ఒక టేబుల్‌స్పూన్ బ్లీచ్ కలిపి తుడవండి, లేదంటే పక్కనున్న కొత్తిమీరకి అంటుకుంటుంది.